తలుపు తెరిచిందా, లేదా?

పోయిన వారం నా డిగ్రీ పట్టా వచ్చింది. ఈ మాట బయటపెడితే గానీ మిగతావి చెప్పడానికి నాకు నోరు రాదు, అందుకే మొదటే చెప్పేశాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో, దూరవిద్యలో చదివి, ఇంగ్లిషు పేపరు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కి, అటు నాయిన వైపు గానీ ఇటు అమ్మ వైపు గానీ పట్టా అనే కాగితాన్ని చేత్తో పట్టుకున్న మొదటి మనిషినయ్యాను. పోస్టుమాన్ ఒక సంతకం అడిగితే రెండు పెట్టాను. ఆ సాయంత్రమే గని కార్మికుల ఇళ్ల వరుసైన మా లైనంతా తిరిగి, తాళాలు పడిన ఇళ్లు వదిలేసి, మనుషులున్న ఇళ్లన్నిటికీ మైసూరుపాకు పంచాను. మా లైన్లో ఇప్పుడు తాళాలే ఎక్కువ కాబట్టి చాలా మిగిలింది. ఆ మిగిలిన పొట్లం పట్టుకుని ఆదివారం పొద్దున మా సినిమా పిచ్చోళ్ల గుంపు దగ్గరికి వెళ్లాను.

బంగారు గనులు మూతపడిన మా ఊరిగాంలో చర్చి ఆరాధన వదిలాక, దాని ఎదురుగా ఉన్న టీ అంగడి బెంచీల మీద మేము నలుగురైదుగురం చేరతాం. మా మేనమామ వస్తాడు. ఎనభై దాటాయి, ఒకప్పుడు సినిమా హాళ్లకు సైకిలు మీద రీలు పెట్టెలు మోసినవాడు. నా చిన్ననాటి స్నేహితురాలు వస్తుంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. గనుల వర్కుషాపులో లేతు మీద పనిచేసిన పక్కింటి అన్న వస్తాడు. నాతోనే ఉంటున్న మా అన్న కొడుకు, ఇక్కడికి దగ్గర్లోని నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీలో పనివాడు, సెలవు దొరికితే మమ్మల్ని ఆటపట్టించడానికి వస్తాడు. ముందు వారం వాడే ఫోన్లో టిక్కెట్లు తీసి మమ్మల్నందరినీ ఒక పెద్ద సినిమా మూడో భాగానికి తీసుకెళ్లాడు. ఆ పాపం వాడి నెత్తిన ఇంకా ఉంది.

“ఏంప్పా అది? ఒకటో భాగంలో కాల్చేసినోణ్ని రెండో భాగంలో లేపినారు, మూడో దాంట్లో వాని తాతను తెచ్చినారు. ఇంగ నాలుగో దాంట్లో ఎవురు, వాని కుక్కా?” అని అందుకున్నాడు పక్కింటి అన్న.

“గ్రాఫిక్సు చూడు పెదనాయినా,” అన్నాడు మావాడు.

“గ్రాఫిక్సు అన్నంలో కలుపుకోని తింటావా?”

అక్కడినుంచి ఎప్పటిలాగే ఒక్క సీను తీసేయడానికి లేని సినిమా ఏది, ఒక్క సీను కూడా ఉంచడానికి లేని సినిమా ఏది అనే వాదన లేచింది. ఒకరు చెప్పింది ఒకరు కొట్టేస్తూ పోయారు. చివరికి నా స్నేహితురాలు గాజు గ్లాసు కింద పెట్టి, ఇన్నేళ్లూ చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. “ఎన్నైనా చెప్పండి. మన తలుపు సినిమా ముందర ఏదీ నిలవదు.” మా మామ దగ్గాడు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆయనకు దగ్గు వస్తుంది.

“అదేం సినిమా? ఫోన్లో యాడ వెతికినా లేదే,” అన్నాడు మావాడు.

“దొరకదురా. ఒక్క ఆటే ఆడింది అది,” అని, నా వైపు చూసి ఆవిడ నవ్వింది. “వీళ్ల నాయిన ఒకాయన మాత్రం తలుపు తెరిచింది, తెరిచింది అని పోట్లాడతా ఉండె, పాపం.”

అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, పోయినవాళ్లను తలుచుకుని నవ్వే నవ్వే అది. నేను మాత్రం పొట్లం దారం విప్పకుండా కూర్చున్నాను, ఎందుకంటే ఆ పొద్దు నేను మైసూరుపాకుతో పాటు ఇంకొకటి కూడా తెచ్చాను. దాన్ని విప్పే ముందు మీకు ఆ రోజుల గురించి చెప్పాలి.

మా నాయిన భూమి లోపల పనిచేసేవాడు. గనుల్లో షిఫ్టుల వేళలు వేరు, హాల్లో ఆటల వేళలు వేరు, రెండూ ఎన్నడూ పొసగేవి కావు కాబట్టి, మా ఊళ్లో మగవాళ్లు చాలామంది సినిమాలో సగమే చూసి లేచిపోయేవాళ్లు. మీలో గనుల ఊళ్లలో పెరిగినవాళ్లు ఉంటే ఈ మాట చెప్పగానే తలుపులు బర్రున తోసుకుని వెలుతురులోకి వెళ్లే ఆ మనుషులు గుర్తొస్తారు. అలా లేచిపోయినవాళ్లకు పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మిగతా కథ తప్పకుండా చెప్పాలి. దాన్ని మేము ‘మిగులు’ అనేవాళ్లం. మిగులు చెప్పావా, మిగులు విన్నావా అని అడగడం, అన్నం తిన్నావా అని అడిగినట్టే ఉండేది. మా అవ్వకు, అంటే నాయిన వాళ్ల అమ్మకు, ఈ విషయంలో పెద్ద పట్టింపు. సగం కథతో కిందికి దిగినవాడు పైకి వచ్చే దారి మర్చిపోతాడని ఆవిడ నమ్మకం.

ఇంకో పద్ధతి కూడా ఉండేది, అది మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. కథ చెప్పేవాళ్లు ఒక మాట చెప్పి ఆగాలి, వినేవాళ్లు ఊఁ అనాలి. ఊఁ వినపడకపోతే ముందుకు పోకూడదు. ఊఁ లేని కథ చెవులు వెతుక్కుంటూ యాడికో పోతుందని అవ్వ అనేది, చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు వీపు మీద చల్లగా పాకేది.

నాయిన పని దిగి వచ్చే వేళకు గడప పక్కన బండ మీద చెంబుతో నీళ్లు పెట్టడం నా వంతు. లోపలి దుమ్ము కాళ్లతో ఇంట్లోకి రాకూడదు. కాళ్లు కడుక్కో నాయినా అని నేను అనడం, కడుక్కుంటా కడుక్కుంటా అని ఆయన రెండుసార్లు అనడం రోజూ ఉండేదే. ఎప్పుడూ రెండుసార్లే అనేవాడు, ఎందుకో తెలియదు.

నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఒక శనివారం, నాయిన నన్ను ఊరిగాం హాల్లో ఉదయం ఆటకు తీసుకెళ్లాడు. అప్పట్లో ఒక సినిమా బాగా ఆడిందని దానికి రెండో భాగం తీశారు. ఇప్పుడు ఇది మామూలే గానీ అప్పుడు వింత. కొత్తగా వచ్చిన రెండో భాగం కోరమండల్ హాల్లో ఆడుతుంటే, జనానికి ముందు కథ గుర్తుచేయడానికి పాత సినిమాను మా ఊరిగాం హాల్లో ఉదయం పూట వేశారు. రెండు హాళ్లూ ఒకరివే, రీలు పెట్టెలన్నీ కోరమండల్లో ఒకే గదిలో ఉండేవి, వాటిని సైకిలు మీద తెచ్చి ఇచ్చేది మా మేనమామ.

పాత సినిమాలో హీరో బావులు తవ్వేవాడు. తమ్ముణ్ని వెతుక్కుంటూ పాడుబడిన కోట కింద సొరంగంలోకి దిగుతాడు. పెళ్లాం, చంకలో చంటిపిల్లతో, బయట దీపం పట్టుకుని నిలబడుతుంది. రాయి జారుతుంది, సొరంగం నోరు మూసుకుపోతుంది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ‘విశ్రాంతి’ అని పడుతుంది. ఆ మాట పడగానే నాయిన లేచాడు. మధ్యాహ్నం షిఫ్టుకు వేళయింది. మిగులు బాగా చూసి పెట్టమ్మా అని నా తల మీద చెయ్యి పెట్టి, పక్కింటి అన్న వాళ్ల అమ్మకు నన్ను అప్పగించి, తలుపు తోసుకుని వెలుతురులోకి వెళ్లిపోయాడు.

ఇక్కడే జరిగింది మా మామ తప్పు. మా ఊళ్లో అందరూ ఫస్టాఫు, సెకండాఫు అంటారు. ఆ రోజు హాల్లో మిషను నడిపే ఆపరేటరు మాత్రం చిత్తూరు వైపు నుంచి వచ్చిన పాతకాలపు మనిషి, చక్కటి తెలుగు మాట్లాడతాడు. “రెండో భాగం పెట్టె తీసుకురాప్పా,” అని మా మామను పంపించాడు. మామ వెళ్లి చూస్తే, ఒక పెట్టె మీద సున్నంతో పెద్ద పెద్ద అక్షరాలతో ‘రెండో భాగం’ అని రాసి ఉంది. తీసుకొచ్చేశాడు. అది పాత సినిమా రెండో సగం కాదు. కొత్త సినిమా చివరి రీళ్లు.

మాకు ఇదేం తెలుసు? విశ్రాంతి తర్వాత తెర మీద ఒక తెల్లగడ్డం ముసలాయన నడిచి వచ్చాడు. అదే మొహం, అదే నడక. సొరంగంలోకి దిగినవాడు ఇన్నేళ్లకు పైకి వచ్చాడని హాలంతా అనుకుంది. ఎలా బతికాడు, ఎలా వచ్చాడు, ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఎవరూ ఆయన్ని పలకరించరు, నీళ్లడిగితే పోయరు. పొద్దుగూకే వేళకు ఒక ఇంటి ముందు నిలబడి తలుపు తడతాడు. లోపల ఒక పడుచు పిల్ల దీపం పట్టుకుని తలుపు దాకా వస్తుంది, గడియ మీద చెయ్యి వేస్తుంది, తీయదు. ముసలాయన గడప మీద కూర్చుంటాడు. తెల్లవారుతుంది. తలుపు అలాగే ఉంటుంది. ‘శుభం’ అని పడింది, హాల్లో ఒక్కరు కూడా లేవలేదు. అందరూ గని మనుషుల పెళ్లాలూ తల్లులూ పిల్లలూ. నా పక్కన ఉన్న పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉండడం నాకు ఇప్పటికీ కనపడుతుంది.

ఆ మర్నాటినుంచి సరైన పెట్టె వేశారు. అసలు సినిమాలో హీరో సొరంగం అవతలి వైపునుంచి పాటతో సహా బయటికి వస్తాడు. అసలు రెండో భాగంలో ఆ ముసలాయన హీరో కూడా కాదు, అదే నటుడు వేసిన రెండో వేషం, ఊరిని కాల్చిన దుర్మార్గుడు. తలుపు తీయకపోవడం వాడికి పడిన శిక్ష. రెండూ పూర్తిగా చూస్తే రెండూ మామూలే, రెండోదైతే మరీ చప్పిడి. మా మామ తప్పు వల్ల అతుక్కున్న ఆ సినిమా మాత్రం, తెలిసి ఎవరూ తీయలేనిది. చూసినవాళ్లం రెండు వందలమంది ఉంటామేమో. ఇప్పుడు మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ సాయంత్రం నాలుగు దాటాక గూట్లో గిన్నెలు గలగలలాడాయి. భూమి లోతుల్లో ఒత్తిడికి రాయి తనంతట తాను పేలడాన్ని మేము ఎయిర్ బ్లాస్టు అనేవాళ్లం. చిన్నవి వారానికొకటి వచ్చేవి, గిన్నె నిలవగానే ఆడవాళ్లు మళ్లీ పనిలో పడేవాళ్లు. ఆ రోజు గిన్నెలు కింద పడ్డాయి. అమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలి, గనిలోకి దిగే షాఫ్టు వైపు పరిగెత్తింది. రాత్రి గడిచేసరికి ఇద్దరిని పైకి తెచ్చారు. నాయిన ఇంకా లోపలి కొసన ఒక్కడే చిక్కుకున్నాడన్నారు.

ఆదివారం పొద్దున షాఫ్టు గేటు దగ్గర కూర్చున్న అవ్వ, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్లు ఐసు ముక్కల్లా ఉన్నాయి.

“మిగులు చెప్పినావామే వానికి?”

“యాడ చెప్పేది అవ్వా, సగంలో లేచి పోయినాడు కదా.”

“అట్లయితే సగం కథతో దిగినాడు,” అని ఆవిడ చెయ్యి వదిలేసింది.

నేను గేటు దగ్గర నిలవలేకపోయాను. కంచె వెంబడి నడుచుకుంటూ, సయనైడుతో బంగారం తీసేశాక మిగిలిన మట్టి తెల్లటి కొండలా పోగైన సయనైడు దిబ్బ దాకా వెళ్లాను. అక్కడ కంచె పక్కన ఒక ఇనుప గొట్టం భూమిలోంచి నా గడ్డం ఎత్తుకు లేచి, తెగిపోయి ఉండేది. దాని నోట్లోంచి చల్లటి గాలి వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. పదేళ్ల పిల్లకు అది ఊపిరిలా అనిపించింది. గొట్టానికి నోరు ఆనించి మిగులు చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో మాట చెప్పి, ఊఁ కోసం ఆగాను. ఏమీ వినపడలేదు, గాలి తప్ప. అయినా ప్రతిసారీ ఊఁ పట్టేంత చోటు వదిలి, మళ్లీ చెప్పాను. మధ్యలో చర్చి గంట మోగింది. ముసలాయన తలుపు తట్టేదాకా ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అక్కడికి వచ్చేసరికి గొట్టం మీదినుంచి నోరు తీసేశాను. కింద చీకట్లో ఉన్న మా నాయినకు తలుపు తెరవలేదని ఎలా చెప్పను? ఆ పిల్ల గడియ తీసింది అని చెప్పాను. తలుపు తెరిచింది, మనిషిని గుర్తుపట్టింది, చెంబుతో నీళ్లు తెచ్చి, కాళ్లు కడుక్కో నాయినా అనింది, శుభం. అని చెప్పి, ఆగి, ఇంక నిలబడలేక పరిగెత్తుకుంటూ వచ్చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం నాయినను ప్రాణాలతో పైకి తెచ్చారు. ఆసుపత్రిలో నన్ను మంచం దగ్గరికి వదిలినప్పుడు, ఏం మాట్లాడాలో తెలియక, మిగులు చెప్పనా నాయినా అన్నాను. ఆయన పగిలిన పెదాలతో నవ్వాడు.

“చెప్పినావు కదమ్మా. తలుపు తెరిచి, కాళ్లు కడుక్కో అనింది కదా ఆ పిల్ల.”

నాకు ఆ క్షణం సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. ఆ ముగింపు ఏ తెర మీదా లేదు. దాన్ని విన్నది తుప్పు పట్టిన గొట్టం ఒక్కటే. నేను మంచం దగ్గరినుంచి వెనక్కి వెనక్కి నడిచి అమ్మ వెనక దాక్కున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు మా ఇంటి అరుగు మీద ఆదివారాలు ఒకటే గొడవ. చూసినవాళ్లంతా తలుపు తెరవలేదంటారు, నాయిన తెరిచిందంటాడు. నువ్వు యాడ చూసినావప్పా, నువ్వు కింద ఉంటివి కదా అని వాళ్లు నవ్వేవాళ్లు. మా పాప చెప్పింది, నేను విన్నాను అనేవాడు. యాడ విన్నావు అంటే కింద విన్నాను అనేవాడు. అక్కడితో నవ్వు ఆగిపోయేది. ఆయన మనసు కిందనే ఉండిపోయిందని లైన్లో గుసగుసలు పుట్టాయి. అవి గని పెద్దల చెవిన పడ్డాయో ఏమో, ఆయన్ని మళ్లీ లోపలికి దించలేదు, పైన కట్టెల యార్డులో వేశారు. దాంట్లో ఆయనకు సిగ్గు. లోపలి మనిషి పైన కట్టెలు మొయ్యడమంటే మా ఊళ్లో చిన్నతనమే. ఆయనకు కావలసింది ఒక్కటే, నిజం చెబుతున్నాడని ఎవరైనా ఒకరు అనాలి. అనగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఒక ఆదివారం, వాదన ముదిరి ఎవరో పిచ్చి అనే మాట వాడారు. నాయిన లేచి లోపలికి వచ్చి, రాగులు చెరుగుతున్న నన్ను అరుగు మీదికి పిలిచాడు.

“నువ్వే చెప్పమ్మా. ఆ పొద్దు నువ్వు చూసినావు. తలుపు తెరిచిందా, లేదా?”

అందరూ నా వైపు చూశారు. చెబితే గొట్టం సంగతి చెప్పాలి. నాయిన మాదిరే పాపకు కూడా తగులుకుందని లైనంతా అంటుంది. అంతకంటే ఎక్కువ భయం ఇంకొకటి, నేను ఒప్పుకుంటే అది నిజంగా జరిగినట్టే అవుతుంది.

“లేదు నాయినా. తెరవలేదు,” అన్నాను.

సినిమా వరకు అది నిజమే. ఆయన నన్ను చూసి, “ఊఁ,” అన్నాడు. అంతే. మళ్లీ పోయేదాకా ఆ సినిమా మాట ఎత్తలేదు. గనులు మూతపడిన తర్వాత రెండేళ్లకు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాడు. నా స్నేహితురాలు ఇప్పటికీ ఆయన పోయేదాకా పోట్లాడేవాడని అంటుంది, జ్ఞాపకం అలా సాగదీసుకుంటుంది గానీ, ఆయన నోరు మూయించింది ఆ ఆదివారమే, మూయించింది నేనే.

నా డిగ్రీకి చివర ఒక ప్రాజెక్టు రాయాలి. మా గనుల ఊళ్ల సినిమా హాళ్ల గురించి రాస్తానంటే ఒప్పుకున్నారు. ఆ పని మీదే, పోయిన ఏడాది, చర్చి వెనక వీధిలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆ రోజుల్లో ప్రమాదాలు జరిగితే దిగే రెస్క్యూ గుంపులో పనిచేశాడు. హాళ్ల గురించి అడుగుతుంటే, నేను ఎవరి కూతురినో తెలుసుకుని, కళ్లద్దాలు తీసేశాడు.

“మీ నాయినను తెచ్చినోళ్లలో నేను ఒకణ్నమ్మా. ఆదివారం పొద్దున, చర్చి గంట మోగతా ఉంటే దిగినాను. రాళ్ల అవతల ఆయప్ప ఉండాడు. గాలి గొట్టం ఒకటి లోపలికి పోతా ఉంటే దానికి చెవి పెట్టి వింటిమి. మేము అరిస్తే పలకలే. ఊరికే ఊఁ అంటాడు. కొంచేపు ఆగతాడు. మళ్లా ఊఁ అంటాడు. ఎవరో కథ చెప్తా ఉన్నట్టు. నా ఒళ్లు జలదరించిపోయింది సామీ.”

నేను రాసుకోవడం ఆపేశాను. ఆయన ఇంకాస్త ముందుకు వంగాడు.

“కడాన ఒక మాట అన్నాడు. అది ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలే. కడుక్కుంటా, కడుక్కుంటా అన్నాడు. ఆ చీకట్లో ఏం కడుక్కుంటాడమ్మా?”

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగినవాళ్లు ఎవరు ఉండారు అన్నాడు. ప్రాజెక్టులో అది రాయలేదు. దానికి ఆధారం చూపించమంటే నా దగ్గర నోటి మాట తప్ప ఏముంది? పట్టా రానీ, అప్పుడు చెబుతానని మనసులో పెట్టుకున్నాను. చదువుకున్న మనిషి మాటకు విలువ ఉంటుందని మా లైన్లో ఒక పాత నమ్మకం.

అందుకే ఆ ఆదివారం, టీ అంగడి ముందు, వాళ్ల నవ్వు ఆగేదాకా ఉండి, “తెరిచింది,” అన్నాను.

“ఏంది?” అన్నాడు పక్కింటి అన్న.

“తలుపు. మా నాయిన చెప్పిందే నిజం. నేనే తెరిచినాను.” అని మొదటినుంచి చివరిదాకా, గొట్టం, గంట, పెద్దాయన మాట, అరుగు మీద నేను ఆడిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పాను. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుంది.

“అట్లయితే ఆ సినిమాకి డైరెక్టరు నువ్వేనమ్మా,” అన్నాడు పక్కింటి అన్న. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

మా మామ గ్లాసు కింద పెట్టి నా వైపు వంగాడు. “ఏ గొట్టం అది?”

“సయనైడు దిబ్బ కాడ, కంచె పక్కన ఉండె కదా మామా.”

“అది కిందికి పోదే,” అన్నాడాయన, మెల్లగా. “దొరల బంగళా తోటకి నీళ్లు పోయేదానికి వేసినారు దాన్ని. నాకు బాగా తెలుసు, రోజూ ఆ దారినే సైకిల్లో పోతా ఉంటిని. నువ్వు పుట్టకముందే రెండు పక్కలా కోసేసినారు. మూడు మూరల గొట్టం ముక్క అది, అంతే. కింద మట్టి.”

టీలు చల్లారిపోయాయి. అందరం మైసూరుపాకు తిన్నాం, ఒకరి మొహం ఒకరం చూడకుండా.

సోమవారం పొద్దున మావాడు మొదటి షిఫ్టుకు కంపెనీ బస్సెక్కాక, ఇంటికి తాళం వేసి, పట్టా సంచిలో పెట్టుకుని దిబ్బ దగ్గరికి నడిచాను. కంచె పోయింది, ఇనుమంతా ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. గొట్టం ఉన్న చోట తుప్పు రంగు గుండ్రటి మరక ఒకటి మిగిలింది. దాని పక్కన కూర్చుని, సిగ్గుపడకుండా, గొంతెత్తి చెప్పాను. నాయినా, నేను డిగ్రీ పాసయినాను. ఆగాను. అందరి ముందరా తలుపు తెరిచిందని చెప్పినాను. ఆగాను. అప్పుడు చెప్పకపోయినందుకు తప్పయింది. ఆగాను. గాలి కూడా లేదు. దిబ్బ మీద ఎండ తెల్లగా కాస్తోంది. చెప్పవలసింది చెప్పి, వినేవాళ్ల వంతు వదిలిపెట్టి, లేచి వచ్చాను.

దారి పొడవునా కాలం ఎంత మారిపోయిందా అనుకుంటూ నడిచాను. హాలున్న చోట ముళ్లకంపలు. సినిమాలు ఇప్పుడు జేబులోనే ఉంటాయి, ఒక భాగం అయిపోగానే రెండోది దానంతట అదే మొదలవుతుంది, ఎవరూ మధ్యలో లేచిపోరు, ఎవరికీ మిగులు అక్కర్లేదు, ఊఁ కొట్టేవాళ్లు లేకపోయినా కథ ఆగదు. గిన్నెలు కదలని గూళ్లు, మనుషులు లేని అరుగులు దాటుకుంటూ మా ఇంటి ముందుకు వచ్చాను.

తాళం కప్ప గొళ్లేనికి వేలాడుతోంది, తలుపు బార్లా తెరిచి ఉంది. మావాడు తిరిగి వచ్చాడేమో అనుకున్నాను, వాడి చెప్పులు లేవు, కంపెనీ బస్సు సాయంత్రం గానీ రాదు. ఇంట్లో ఏదీ కదలలేదు. గడప పక్కన, ఏళ్లుగా నేను చెంబు పెట్టడం మానేసిన బండ మాత్రం తడిగా ఉంది. ఆ తడి వైపు చూస్తూ చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. మా లైన్లో ఇప్పుడు అందరూ చెప్పులు వదిలి నేరుగా ఇంట్లోకి వచ్చేస్తారు. గడప దగ్గర ఆగి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లు, ఈ కాలంలో, ఎవరూ లేరు.